మొక్కజొన్న గింజల కోసం ఒక బరువైన పెనం

పోత ఇనుముతో చేసిన 10 అంగుళాల పెనాన్ని ఈ మధ్య మన ప్రాంతంలో చాలామంది దోసెల కోసమో, చేపల వేపుడు కోసమో కొంటున్నారు. ఆ రెండింటి సంగతి ఇప్పటికే ఎందరో రాశారు కాబట్టి, ఈ సమీక్షలో నేను దానిని ఒకే ఒక్క వంటకంతో తూచదలచుకున్నాను. మొక్కజొన్న గింజలను నూనె చుక్క లేకుండా నల్లమచ్చలు పడేదాకా కాల్చి, దించాక నెయ్యి, ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించి, అన్నంలోకి నంజుకోవడానికి పెట్టుకునేదే ఆ వంటకం. అమెరికాలో దీనిని మాంసం పక్కన వడ్డిస్తారు. గుంటూరులో మా ఇంట్లో అది పప్పుచారు పక్కకు చేరింది. దోసె ఏ మంచి పెనం మీదనైనా వస్తుంది గానీ, ఒళ్ళంతా నీరే ఉన్న గింజ ఉడికిపోకుండా కాలాలంటే పెనంలో దాచుకున్న వేడి ఉండి తీరాలి. అందుచేత ఈ పెనానికి అసలు పరీక్ష ఇదేనని నా అభిప్రాయం.

విజయవాడ వన్‌టౌన్‌లో పాత్రల దుకాణాలు వరుసగా ఉన్న వీధిలో దీనిని కొన్నాను. ఈ రకం పెనాలు 1,200 రూపాయల నుంచి 2,000 దాకా పలుకుతున్నాయి. తయారుచేసిన సంస్థ పేరు ఇక్కడ అక్కరలేదు, ఎందుకంటే నేను చెప్పబోయే గుణదోషాల్లో ఎక్కువ భాగం ఆ లోహానివే తప్ప ఆ సంస్థవి కావు. పెనం బరువు రెండున్నర కిలోలకు అటూఇటూగా ఉంటుంది. అంచు రెండంగుళాల ఎత్తు. పిడి కూడా అదే ఇనుముతో ఒకే పోతగా వచ్చింది కాబట్టి ఊడిపోయే మరలు, కాలిపోయే ప్లాస్టిక్ ఏవీ లేవు. లోపలి అడుగు చేతికి కాస్త గరుకుగా తగులుతుంది. ఈ గరుకుదనం చూసి నాణ్యత తక్కువని అనుకోనవసరం లేదు, ఇసుక అచ్చులో పోసిన ఇనుము సహజంగా అలాగే ఉంటుంది.

పెట్టె మీద మాత్రం ‘సీజనింగ్ చేసినది, వెంటనే వాడుకోవచ్చు’ అని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు, దానిని నేను ఒప్పుకోను. (సీజనింగ్ అంటే నూనె పొరను వేడితో ఇనుముకు పట్టించడం.) విప్పి చూసేసరికే అంచు కింద ఒకచోట ఆవగింజంత తుప్పు కనిపించింది, అడుగున పూత కూడా ఒకచోట నిగనిగలాడుతూ మరొకచోట బూడిద రంగులో ఉంది. దుకాణంవారు మార్చి ఇస్తామన్నారు గానీ, చూపించిన మరో రెండు పెనాలూ ఇంచుమించు అలాగే ఉన్నాయి. కాబట్టి ఎవరు కొన్నా ఇంటికి తెచ్చాక ఒక పూట దానికి కేటాయించక తప్పదు. సబ్బునీటితో ఒకసారి కడిగి, పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా ఆరబెట్టి, పలచగా నూనె రాసి, రాసిన నూనె అంతా పొడిగుడ్డతో మళ్ళీ తుడిచేసి, సన్నగా పొగ వచ్చేదాకా వేడిచేసి చల్లార్చాలి; ఇలా మూడు నాలుగు విడతలు జరగాలి. వేడికి ఆ పలచటి నూనె పొర గట్టిపడి ఇనుమును పట్టుకుంటుంది, తుప్పును ఆపేదీ, గింజను అంటుకోనివ్వనిదీ ఆ పొరే. తుడవకుండా దట్టంగా వదిలేస్తే అది గట్టిపడదు, జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది. ఈ పని వచ్చినవారికి పెట్టె మీద రాతతో పనిలేదు, రానివారిని ఆ రాత తప్పుదారి పట్టిస్తుంది.

ఇక బరువు సంగతి. ఇనుము వేడిని బాగా దాచుకుంటుందని అందరూ అంటారు గానీ, గ్రాముకు గ్రాము లెక్క కడితే అల్యూమినియమే ముందుంటుంది. ఒక గ్రాము అల్యూమినియాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 0.9 జౌళ్ళు (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం) కావాలి, ఇనుముకు అందులో సగం, అంటే 0.45 జౌళ్ళు చాలు. అయినా ఈ పెనం గెలుస్తున్నదంటే దానికి కారణం దాని రెండున్నర కిలోలే. అరకిలో తూగే పలచటి అల్యూమినియం మూకుడు కంటే ఇది మొత్తం మీద రెట్టింపుకు పైగా వేడిని తనలో ఉంచుకోగలదు. ఈ నిల్వ ఎందుకు కావాలంటే, పచ్చి స్వీట్ కార్న్ బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 2,260 జౌళ్ళు పడుతుంది. గింజలు పడగానే పలచటి మూకుడు ఆ ఖర్చు భరించలేక చల్లబడిపోతుంది. గింజ పైన తడి ఉన్నంతసేపూ దాని వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఆ కమ్మటి గోధుమ రంగు రావడానికేమో 140 డిగ్రీలు దాటాలి. మామూలు మూకుట్లో చేసిన మొక్కజొన్న వేపుడు ఎంతసేపు కలిపినా పసుపుపచ్చగా, మెత్తగా, ఉడికినట్టు ఉండిపోవడానికి కారణం అది. ఈ పెనంలో గింజలు పోసినప్పుడు వచ్చే చప్పుడు తగ్గకపోవడమే తేడాను చెబుతుంది.

అయితే ఈ లోహానికి ఒక మందకొడితనం ఉంది. వేడిని ఒక మూల నుంచి మరో మూలకు చేరవేయడంలో పోత ఇనుము అల్యూమినియంలో నాలుగో వంతు కూడా పనిచేయదు. మన గ్యాస్ పొయ్యి మీద మంట ఒక వలయంగా తగులుతుంది కాబట్టి, పెద్ద మంట మీద తొందరగా కాచిన పెనంలో ఆ వలయం మీది గింజలు బొగ్గయిపోతుంటే అంచు పక్కనున్నవి ఇంకా పచ్చిగానే ఉంటాయి. ఏడెనిమిది నిమిషాలు మధ్యస్థమైన మంట మీద ఓపికగా కాచి, మధ్యలో ఒకసారి పెనాన్ని సగం తిప్పి, గింజలు వేసే ముందు మాత్రమే మంట పెంచితే ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. నీటిచుక్క చల్లితే అది వెంటనే ఇగిరిపోక గుండ్రటి పూసలా అడుగున పరుగులు తీసినప్పుడు పెనం సిద్ధమైనట్టు.

గింజల ఎంపిక గురించి కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఎంత మంచి పెనమైనా తప్పుడు పొత్తును రక్షించలేదు. తెనాలి, దుగ్గిరాల వైపు వరి కోసిన మాగాణుల్లో దుక్కి దున్నకుండానే విత్తే మొక్కజొన్న చాలావరకు కోళ్ళ దాణాకూ పరిశ్రమలకూ పోయే గట్టి గింజ. అందులో లేతగా తెంపినవి బొగ్గుల మీద కాల్చడానికి బాగుంటాయి గానీ, పెనంలో పొడిగా కాల్చితే గింజ తోలు దళసరి కావడంచేత నమలడానికి జిగటగా తయారవుతుంది. ఈ వంటకానికి స్వీట్ కార్నే సరైనది. దానిలో ఉన్న చక్కెర తెంపిన గంట నుంచే పిండిగా మారడం మొదలవుతుంది, మన ఎండలకు ఆ మార్పు ఇంకా వేగంగా జరుగుతుంది; కాబట్టి రైతుబజారులో పొద్దున్నే తెచ్చిన పొత్తుకూ, సాయంత్రం దాకా బండి మీద ఎండిన పొత్తుకూ రుచిలో తేడా తప్పక తెలుస్తుంది. పీచు కొస గోధుమ రంగులోకి తిరిగి, మొదలు దగ్గర ఇంకా తేమగా ఉన్నది ఏరుకోవాలి. రేకు విప్పి గింజను గోటితో నొక్కితే పాలు చిమ్మాలి.

గింజలు తీసే తీరు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. విదేశీ పద్ధతిలో పొత్తును నిలువుగా నిలబెట్టి కత్తితో పైనుంచి కిందికి కోస్తారు. అలా కోసినప్పుడు గింజ మొదలు బెండులోనే ఉండిపోయి, తెగిన వైపు నుంచి పాలు కారతాయి. ఆ పాలు వేడి ఇనుము మీద పడి అట్టు కట్టి అంటుకుంటాయి. మన అమ్మమ్మలు చేసినట్టు ముందు ఒక వరుసను కత్తి మొనతో లేపి, ఆ ఖాళీ వైపుకు బొటనవేలితో మిగిలిన వరుసలను ఒక్కొక్కటిగా వంచుతూ ఒలిస్తే గింజ మొదలుతో సహా నిండుగా వస్తుంది, పెనం శుభ్రంగా ఉంటుంది. మరీ లేత పొత్తయితే కొన్ని గింజలు చిదికిపోతాయి, వాటిని వేరే గిన్నెలో వేసుకుని పెసరట్టు పిండిలో కలుపుకోవచ్చు. ఫ్రీజర్ పొట్లం గింజలు వాడదలచినవారు మంచు కరిగించి, పాతబట్ట మీద పరిచి, పైన మరో బట్టతో అద్ది, పూర్తిగా ఆరాకనే వేయాలి.

రెండు పొత్తుల గింజలు ఈ పెనానికి సరిగ్గా ఒక వరుస పరుచుకుంటాయి. మూడో పొత్తు కూడా వేస్తే గింజ మీద గింజ పడి, కిందివాటి ఆవిరిలో పైవి ఉడుకుతాయి. ఇంట్లో ఐదారుగురు ఉంటే రెండు వాయిలు వేసుకోవాలే తప్ప ఒకే వాయిలో కుక్కకూడదు. గింజలు వేసి అట్లకాడతో సమంగా పరిచాక చేయి వెనక్కి తీసుకోవడమే ఇందులో కష్టమైన పని. వేపుడంటే కలుపుతూ ఉండాలని మన చేతులకు అలవాటు. ఇక్కడ రెండు నిమిషాల పాటు కదపకూడదు. మొదట తెల్లగా ఆవిరి లేస్తుంది, తరువాత ఆ ఆవిరి పలచబడుతుంది, పచ్చివాసన పోయి కాల్చిన పొత్తు వాసన మొదలవుతుంది, అప్పుడు గింజలు ఒకటీ రెండూ టప్పుమని పైకి ఎగురుతాయి. తోలు లోపల చిక్కుకున్న ఆవిరి బయటికి తన్నుకొచ్చి అలా ఎగరేస్తుంది. కంటికి, ముంజేతికి తగలకుండా చిల్లుల మూతను గానీ, ఒక పక్క సందు వదిలి పళ్ళేన్ని గానీ కప్పాలి. పూర్తిగా మూత పెడితే మాత్రం ఆవిరి తిరిగి నీరై లోపలే పడి ఇంతసేపు పడ్డ శ్రమను పాడుచేస్తుంది. ఒకసారి తిరగవేసి మళ్ళీ వదిలేయాలి. మొత్తం మీద ఆరు నుంచి ఎనిమిది నిమిషాల్లో గింజల నెత్తిన, పక్కన ముదురు గోధుమ రంగు, అక్కడక్కడ మిరియపు గింజంత నల్లమచ్చ పడతాయి. లోపల మాత్రం రసం అలాగే ఉంటుంది. గింజలన్నీ నల్లబడేదాకా ఆగితే చేదు వస్తుంది, మూడింట ఒక వంతు గింజలకు మచ్చ పడ్డప్పుడే దించడం మంచిది.

ఇక్కడ ప్రకాశం బ్యారేజీ దగ్గర బండ్ల మీద బొగ్గుల్లో కాల్చి, ఉప్పూకారంలో ముంచిన నిమ్మచెక్కతో రుద్ది ఇచ్చే పొత్తుతో పోలిక రాక మానదు. ఆ పొత్తుకు నిప్పుల పొగ వాసన ఉంటుంది, పెనంలో అది రాదు, రాబట్టే ఉపాయాలేవీ నాకు నచ్చలేదు. కానీ పొత్తు మీద కాలేది గింజ నెత్తి ఒక్కటే. పక్కలన్నీ పక్క గింజల చాటున దాగి ఉడుకుతాయి. ఒలిచిన గింజ పెనంలో దొర్లుతూ రెండు మూడు వైపుల ఇనుమును తాకుతుంది కాబట్టి, నోట్లో వేసుకున్నప్పుడు కాలిన రుచి ప్రతి గింజకూ దక్కుతుంది. షికారుకు వెళ్ళినప్పుడు బొగ్గుల పొత్తుకే నా ఓటు. కంచంలోకి మాత్రం పెనం గింజలే.

ఉప్పూకారాలు దించాకే పట్టించాలన్నది ఈ పెనంతో ఖాయంగా పాటించవలసిన నియమం. 200 డిగ్రీలు దాటిన ఇనుము మీద మిరపపొడి క్షణాల్లో మాడి చేదెక్కుతుంది, దాని ఘాటుకు వీధి గదిలో కూర్చున్నవారు కూడా దగ్గడం మొదలుపెడతారు. వెన్న కూడా ముందే వేస్తే అందులోని పాల పదార్థం మాడిపోతుంది, అందుకే నెయ్యి మేలు. గింజలను వెడల్పాటి గిన్నెలోకి దించి, ఆ వేడి మీదే ఒక చెంచా నెయ్యి, సన్నగా దంచిన రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి కలిపితే వెల్లుల్లి పచ్చిదనం పోవడానికి ఆ వేడి సరిపోతుంది. తరువాత ఉప్పు, అర చెంచా కారం, వేయించి దంచిన జీలకర్ర చిటికెడు, చివర నిమ్మరసం, కొత్తిమీర. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం కారానికి ఘాటూ రంగూ రెండూ ఉన్నాయి కనుక అది ఇందులో చక్కగా ఇముడుతుంది. తేజ రకం కారమైతే సగం వేసి రుచి చూసుకోవాలి, లేకపోతే మొక్కజొన్న తీపి ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. మెక్సికోలో ఇలాంటి గింజలనే ఎస్కీతెస్ పేరుతో గ్లాసుల్లో పోసి, మిరపపొడి, నిమ్మరసం, మయోన్నైజ్, పొడిపొడిగా రాలే ఉప్పటి జున్ను వేసి అమ్ముతారు. ఆ జున్ను మన దగ్గర దొరకదు, దాని బదులు పనీరు తురుము వేస్తే చప్పగా ఉంటుంది తప్ప ఏమీ కలిసిరాదు. మయోన్నైజ్ అన్నంలోకి పనికిరాదు. అసలు మొక్కజొన్న సుమారు 9,000 ఏళ్ళ కిందట మెక్సికో దక్షిణాన పుట్టిన పంట, మిరప కూడా ఆ గడ్డదే. రెండూ సముద్రం దాటి వచ్చి మన జిల్లా పొలాల్లో స్థిరపడ్డాయి. కాబట్టి గుంటూరు కారం చల్లడాన్ని ఎవరూ అపచారంగా భావించనక్కరలేదు.

అన్నంలో దేనికి తోడుగా బాగుంటుందన్న విషయంలో నా అభిప్రాయం ఖచ్చితంగానే ఉంది. పప్పుచారు, ముద్దపప్పు, పెరుగన్నం మూడింటికీ ఇది బ్రహ్మాండంగా నప్పుతుంది. ముఖ్యంగా వేసవిలో చల్లటి పెరుగన్నంలో వేడి గింజలు పంటికి తగలడం వేరే ఏ వేపుడూ ఇవ్వలేని సుఖం. మజ్జిగపులుసుకు కూడా ఫరవాలేదు. గోంగూర పచ్చడి వడ్డించిన కంచంలో మాత్రం ఇది తేలిపోతుంది, ఆ పులుపు ముందు దీని తీపి నిలవదు. చపాతీలోకి జారిపోతుంది కాబట్టి ఇబ్బంది.

ఇతర పాత్రలతో పోలిస్తే ఈ పెనం స్థానం ఏమిటన్నది కొనేవారు అడగవలసిన ప్రశ్న. నాన్‌స్టిక్ పెనాన్ని ఈ పనికి వాడనే కూడదు. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద ఉంచితే కొద్ది నిమిషాల్లోనే 260 డిగ్రీలు దాటవచ్చు, ఆ వేడి దగ్గర దాని పూత చెడిపోవడం మొదలై హానికరమైన పొగలు విడుస్తుంది. స్టీలు మూకుట్లో గింజలు అంటుకుంటాయి. ఇళ్ళలో పాతకాలం నుంచి ఉన్న దళసరి ఇనుప అట్ల పెనం మాత్రం గట్టి పోటీ ఇస్తుంది. నిజం చెప్పాలంటే, బాగా వాడి నల్లగా నిగ్గుదేలిన అలాంటి పెనం ఎవరింట్లోనైనా ఉంటే, దాని మీద ఒక పొత్తు గింజలు కాల్చి చూసి, అంచు లేకపోవడంవల్ల గింజలు జారిపడటం తప్ప మరో ఇబ్బంది కనిపించకపోతే, కొత్తది కొనే ఖర్చు మానుకోవచ్చు. దుకాణాల్లో ఈ మాట ఎవరూ చెప్పరు.

వాడకంలో మరికొన్ని ఇబ్బందులున్నాయి. పిడి కూడా ఇనుమే కావడంతో అది పెనంతో సమానంగా కాలుతుంది, దళసరి మసిగుడ్డ లేకుండా ముట్టుకోరాదు. పెద్దవారికి, మణికట్టు నొప్పి ఉన్నవారికి ఒంటి చేత్తో ఎత్తి వంచడం సాధ్యం కాదు. ఎదురుగా చిన్న పట్టు ఒకటి ఉంటే రెండో చెయ్యి సాయం చేస్తుంది, నేను కొన్నదానికి అది లేదు, కొనేవారు అది ఉన్నదే తీసుకోవాలి. పోత ఇనుము పెళుసు గనుక చేయి జారి నేలమీద పడితే పగలవచ్చు, దాని కింద గచ్చు పలక ఉంటే అదీ పగులుతుంది. వేడి పెనంలో చన్నీళ్ళు పోయరాదు. నిమ్మరసం, చింతపండు, టమాట వంటి పులుపును అందులో మరగనిస్తే నూనె పొర కరిగి, వంటకు ఇనుప రుచి వస్తుంది. నిమ్మకాయను గిన్నెలోనే పిండాలని ఇంతకుముందు చెప్పడంలో ఉద్దేశం అదే. పులుసులతోనే నడిచే మన వంటింట్లో ఇది చిన్న పరిమితి కాదు. శుభ్రపరచడం మాత్రం అనుకున్నంత కష్టం కాదు: గోరువెచ్చగా ఉన్నప్పుడు నీళ్ళతో పీచు పెట్టి రుద్ది, వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, నూనె గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు. గిన్నెలు తోమే మనిషికి అప్పగించి బయట తొట్టి పక్కన వదిలేసే ఇళ్ళలో మాత్రం వారం తిరగకుండా తుప్పు పడుతుంది.

ఇండక్షన్ పొయ్యి మీద కూడా ఇది పనిచేస్తుంది. కానీ పెద్ద అంకె మీద ఒక్కసారిగా పెడితే పొయ్యి లోపలి తీగచుట్టకు పైన ఉన్న మధ్యభాగమే మండిపోతుంది, మధ్య అంకెతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. గాజు పలక మీద పెనాన్ని ఈడ్చితే గీతలు పడతాయి, ఎత్తి పెట్టాలి.

ఇద్దరు ముగ్గురున్న ఇంటికి ఈ 10 అంగుళాల పెనం సరిపోతుంది. నలుగురికి మించి ఉన్నవారు 12 అంగుళాలది చూస్తారు గానీ, దాని బరువు మూడున్నర కిలోల దగ్గరికి వస్తుంది, చిన్న గ్యాస్ పొయ్యి వలయం దాని అంచుల దాకా వేడిని అందించలేదు. కాబట్టి వారికి కూడా చిన్నదే కొని రెండు వాయిలు వేసుకోమనే చెబుతాను. మొదటి వాయి గిన్నెలో నెయ్యి పట్టించుకునేలోగా రెండోది కాలుతుంది. పైగా పెనం అప్పటికే వేడెక్కి ఉంటుంది కాబట్టి రెండో వాయికి రంగు ఇంకా త్వరగా, ఇంకా సమంగా వస్తుంది.